మిగిలినవి మూడు రాష్ట్రాలు

3వ తేదీ, ఆదివారం. ఉదయం 6.10

మొత్తం రాష్ట్రాలు: ఇరవై ఆరు. చూసినవి: ఇరవై మూడు. మిగిలినవి: మూడు.

ఈ మూడూ పన్నెండో తేదీలోగా చూసేయాలని ఈ ఉదయం నిర్ణయం తీసుకున్నాను. మనసు తేలిగ్గా ఉంది. టీ కూడా బాగుంది.

కారణం రాసి పెట్టుకోవాలి. పాప పదహారో తేదీన ఉద్యోగంలో చేరుతోంది. ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగం. ఇక్కణ్ణుంచి రైల్లో ఒకటిన్నర రోజు. ఏడాదికి పన్నెండు రోజులు సెలవు. పాపకి ఎనిమిదేళ్లప్పుడు భోజనాల గదిలో గోడకి దేశపటం అంటించి, నువ్వు ఉద్యోగానికి వెళ్లేలోగా మనం నలుగురం కలిసి అన్ని రాష్ట్రాలూ చూసేస్తాం అని మాట ఇచ్చాను. అప్పట్లో ఉద్యోగం అనేది ఎక్కడో ఉండేది. పదమూడేళ్లు ఎటు పోయాయో తెలీదు. మూడు రాష్ట్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కొండల రాష్ట్రం, చిన్న రాష్ట్రం, చిట్టచివరి రాష్ట్రం. ఇవి ఇంట్లో మేం పిలుచుకునే పేర్లు.

నలుగురం అంటే నేను, మా ఆవిడ, పాప, మా బావమరిది. బావమరిది పై వాటాలో ఉంటాడు, స్కూటర్లు బాగుచేస్తాడు. మేం ఎక్కడికి బయల్దేరినా సంచి పట్టుకుని కిందికి దిగుతాడు. పిలవడం అనే ప్రశ్న ఇంతవరకూ రాలేదు.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. ఇరవై ఏడేళ్లుగా దుకాణాల్లో కాటాలు పరీక్షించి ముద్ర వేస్తున్నాను. పది గ్రాములు తేడా వచ్చినా ముద్ర వెయ్యను. అలాంటివాడు కారు కిటికీలోంచి తొంగిచూసి రాష్ట్రం చూసేశాం అనకూడదు. అందుకని నియమాలు రాశాను.

ఒకటి: నలుగురి కాళ్లూ ఆ రాష్ట్రం నేల మీద ఆనాలి.
రెండు: అక్కడ వండింది అక్కడే తినాలి.
మూడు: అక్కడి మనిషితో మాట్లాడాలి. దారి అడగడం మాట్లాడటం కిందికి రాదు.
నాలుగు: ఏది తక్కువైనా చెల్లదు. సవరణలు ఉండవు.

నలుగురం సంతకాలు పెట్టాం. మా ఆవిడ ఆస్పత్రిలో ఫార్మసిస్టు, చీటీ రెండుసార్లు చదవందే ఏ పనీ చెయ్యదు. చదివాక, ఇంట్లో నలుగురం ఒక గదిలో గంటసేపు కూర్చోలేం, కార్లో ఎనిమిది రోజులా అని అడిగింది. కారు కదులుతూ ఉంటుంది కాబట్టి తేడా ఉంటుందని చెప్పాను.

5వ తేదీ, మంగళవారం

4.00 బయల్దేరే సమయం. నేను కార్లో ఉన్నాను.
4.25 ఇప్పటికీ నేనే ఉన్నాను.
4.50 మా ఆవిడ వచ్చి కూర్చుంది. గ్యాస్ కట్టేశానా అని లోపలికి వెళ్లింది.
5.15 పాప నిద్ర లేచింది.
5.40 బావమరిది కనబడటం లేదు.
5.55 కనబడ్డాడు. వీధి చివర పాలాయన స్కూటర్ విప్పి నేలమీద పరిచాడు.
6.40 బిగించాడు. ఒక నట్టు మిగిలింది. అది అవసరం లేదన్నాడు.
7.05 బయల్దేరాం.

ఆలస్యం మూడు గంటల ఐదు నిమిషాలు. దార్లో పూడ్చేస్తాను.

సాయంత్రం 6.30. పూడలేదు. అయినా ఉత్సాహంగానే ఉంది. పాప వెనక సీట్లో కాళ్లు మడుచుకుని పడుకుంది, చిన్నప్పట్లాగే. ఇప్పుడు తల ఒక తలుపుకీ కాళ్లు మేనమామకీ తగులుతున్నాయి.

6వ తేదీ, బుధవారం. మధ్యాహ్నం 2.00

కొండల రాష్ట్రం! ఉదయం 11.20కి సరిహద్దు దాటాం.

కొండలు కనిపించలేదు. పొగమంచు. రోడ్డు మధ్య గీత ఒక్కటే కనిపించింది. కానీ నియమాల్లో కొండలు కనిపించాలని లేదు.

కాళ్లు: ఎనిమిది, నేల మీద. భోజనం: వేడి సూపు, రొట్టె, గుడ్లు. వండుతుండగా వెళ్లి చూసి వచ్చాను. మాట్లాడటం: టీ దుకాణం ఆవిడతో బావమరిది గంటా పది నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ పెద్ద కొడుకు సంబంధం ఎందుకు తప్పిపోయిందో ఇప్పుడు మా అందరికీ తెలుసు. ఈ విషయంలో తూకం మొగ్గే ఉంది.

చూసినవి: ఇరవై నాలుగు. మిగిలినవి: రెండు. చేతిలో ఆరు రోజులు. ఇంత సులువని ముందే తెలిస్తే ఎప్పుడో పూర్తి చేసేవాణ్ణి.

7వ తేదీ, గురువారం. సాయంత్రం 5.00

కారులోంచి చప్పుడు. బావమరిదిని అడిగితే, అది దానికి అలవాటే బావా అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఆవిరి వచ్చింది. అది మాత్రం అలవాటు కాదన్నాడు.

దగ్గర్లోని చిన్న ఊరికి తోసుకుంటూ వచ్చాం. తోసినవాళ్లు ముగ్గురు. స్టీరింగు పట్టుకున్నది మా ఆవిడ. నేను ఇంతసేపూ నడిపిన దానికంటే సాఫీగా నడిపిందని పాప అంది.

నీళ్ల పంపు పోయింది. ఇక్కడి మెకానిక్ మంచివాడు. కొత్త పంపు ఎదురుగా ఉన్న విడిభాగాల దుకాణంలోనే ఉందట. రేపు పదింటికి దుకాణం తెరుస్తారు, పన్నెండింటికి మేం బయల్దేరతాం. నష్టం అరపూట. ప్రణాళికలో అరపూట మిగులు ఉంచాను కాబట్టి దీన్ని నష్టం అనకూడదు.

8వ తేదీ, శుక్రవారం. ఉదయం 11.30

జరిగింది జరిగినట్టు రాస్తాను.

9.30కి పళ్లు కొందామని బజారుకి వెళ్లాం. పళ్లాయన కాటా కిలోకి నలభై గ్రాములు తక్కువ తూస్తోంది. దూరం నుంచే తెలిసిపోతుంది, ముల్లు ఊపిరి పీల్చుకోకుండానే ఆగిపోతుంది. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, మనం సెలవులో ఉన్నాం అంది. అది నా పరిధి కాదని నాకూ తెలుసు. అయినా నలభై గ్రాములు.

మర్యాదగానే చెప్పాను. మీరెవరండీ అన్నాడు. గుర్తింపు కార్డు చూపించాను.

పది నిమిషాల్లో బజారులో ఉన్న కాటాలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఇరవై నిమిషాల్లో షట్టర్లు దిగాయి. 10.00కి తెరవాల్సిన విడిభాగాల దుకాణం తెరవలేదు. ఆయన నట్లూ బోల్టులూ తూకానికి అమ్ముతాడట.

సాయంత్రం 4.00. హోటలు కూడా మూసేశారు. హోటలాయన పళ్లాయనకి తోడల్లుడు. నలుగురం లాడ్జి ఆరో నంబరు గదిలో బిస్కెట్లు తిన్నాం. పొట్లం మీద వంద గ్రాములని ఉంది. నేను చేత్తో పట్టుకుని చూస్తుంటే మా ఆవిడ లాక్కుంది.

9వ తేదీ, శనివారం. సాయంత్రం 6.00

షట్టర్లు తెరుచుకోలేదు.

ఉదయం దుకాణం వెనక తలుపు తట్టి, నేను విధుల్లో లేనని, తనిఖీకి రాలేదని, నాకు కావలసింది పంపు మాత్రమేనని వివరంగా చెప్పాను. లోపల దీపం ఆరిపోయింది. ఎంత పద్ధతిగా చెబితే అంత తనిఖీలా ఉంటోందని పాప అభిప్రాయం.

రోజంతా గదిలోనే. ఒక్కటే కిటికీ, రెండు మంచాలు, ఒక బల్ల. బావమరిది ఎక్కణ్ణుంచో పేకముక్కలు తెచ్చాడు. తొమ్మిది గంటలు ఆడాం. మా ఆవిడ మొత్తం గెలిచింది. ఇంత దొంగాట ఆడుతుందని ఇరవై నాలుగేళ్ల కాపురంలో నాకు తెలీదు. పట్టుబడినప్పుడు మాత్రలు లెక్కపెట్టే ముఖం పెడుతుంది. పాప నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని మంచం మీంచి జారిపడింది. క్రేన్ ఎక్కడం ఎలాగో బల్ల మీద కుర్చీ వేసి మేనమామకి చూపించింది. అంత ఎత్తున ఒక్కతే ఎనిమిది గంటలు కూర్చోవాలట. భయం లేదా అన్నాను. కిందికి చూడకపోతే ఉండదు అంది.

వృథా అయిన సమయం: తొమ్మిది గంటలు. ప్రణాళిక మళ్లీ రాయాలి.

10వ తేదీ, ఆదివారం. ఉదయం 11.00

బజారు తెరుచుకుంది. బావమరిది పొద్దున్నే వెళ్లి దుకాణాలవాళ్లతో మాట్లాడాడట. ఏం చెప్పావు అంటే చెప్పడు. పాప చెప్పింది: మా బావకి ఉద్యోగం పోయింది, అప్పట్నుంచీ ఆ పాత కార్డు పట్టుకుని ఊరూరా కాటాలు చూస్తూ తిరుగుతున్నాడు, పాపం ఏమీ అనకండి అన్నాడట.

పళ్లాయన వచ్చి నా భుజం తట్టి, అంతా మంచే జరుగుతుంది సార్ అని నాలుగు పళ్లు చేతిలో పెట్టాడు. తూచకుండా ఇచ్చాడు.

12.40. పంపు బిగించారు. బయల్దేరాం.

సాయంత్రం 6.15. చిన్న రాష్ట్రం.

సరిహద్దు ఒక నది. దాని మీద వంతెన. మరమ్మతు జరుగుతోంది, వాహనాలు వెళ్లకూడదు, మనుషులు సగం వరకు నడవచ్చు. సరిగ్గా సగంలో ఇనప పట్టీ ఉంది. అటువైపు చిన్న రాష్ట్రం. వేరే దారి అంటే నూట ఎనభై కిలోమీటర్ల చుట్టు.

పట్టీ దాటి నలుగురం నిలబడ్డాం.

సవరణ ఒకటి: వంతెన కూడా నేలే.
సవరణ రెండు: మన బిస్కెట్లే అయినా, నమిలింది అక్కడ కాబట్టి అక్కడి భోజనమే.
సవరణ మూడు: వెనక్కి పొండి అని కాపలాదారు అన్నది మాట. సరే అని మేం అన్నదీ మాటే. రెండు మాటలు కలిస్తే మాట్లాడటం.

మొత్తం నాలుగు నిమిషాలు. చూసినవి: ఇరవై ఐదు.

కార్లో కూర్చున్నాక మా ఆవిడ, మీ ఆఫీసుకి ఎవరైనా ఇలాంటి కాటా తెస్తే ముద్ర వేస్తారా అని అడిగింది. తలనొప్పిగా ఉందని చెప్పాను. నిజంగానే ఉంది. ఆవిడ మాత్ర ఇచ్చింది.

11వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం 1.00

మిగిలింది ఒక్కటి. చిట్టచివరి రాష్ట్రం. మధ్యలో పెద్ద సరస్సు. నేరుగా చూస్తే అటు ఒడ్డు యాభై కిలోమీటర్లు, రోడ్డు మీద చుట్టి వెళ్తే ఐదొందలు. వెళ్లి రావడానికి రెండు రోజులు, ఇక్కణ్ణుంచి ఇంటికి ఒకటి. పాపకి ఇంకా వైద్య పరీక్ష కాగితం తీసుకోవాలి, బూట్లు కొనాలి, బట్టలు సర్దాలి. రాత్రీ పగలూ నడుపుతానన్నాను. పిల్లని ఉద్యోగానికి పంపుదామా ఆస్పత్రికి పంపుదామా అంది మా ఆవిడ.

సరస్సు పక్కన ఒక గుట్ట ఉంది. ఆకాశం తేటగా ఉన్న రోజు దాని మీంచి అటువైపు రాష్ట్రం కనిపిస్తుందని పర్యాటక శాఖ బోర్డు మీద రాసి ఉంది.

సవరణ నాలుగు: కంటితో చూస్తే చాలు.

నాలుగు వందల పన్నెండు మెట్లు. ఎక్కాం. ఆకాశం తేటగా లేదు. నీళ్లు, ఆ తర్వాత తెలుపు. బావమరిది కళ్లు చికిలించి, అదుగో బావా అన్నాడు. అందరం చూశాం. ఏదో ఉంది. డైరీ తీసి ఇరవై ఆరు అని రాయబోతుంటే అది కదిలింది. పడవ.

పడవ ఆ రాష్ట్రందే అయ్యుండచ్చు కదా అన్నాను. ఈ వాక్యం నేనే అన్నానని రాయడానికి సిగ్గుగా ఉంది.

పాప వచ్చి పక్కన కూర్చుని డైరీ మీద చెయ్యి పెట్టింది.

"రాయకు నాన్నా."

"మాట ఇచ్చాను కదమ్మా. అన్నీ అయిపోవాలి."

"అయిపోతే తర్వాత నలుగురం కలిసి ఎక్కడికెళ్తాం?"

చూసిన చోటికే మళ్లీ వెళ్లచ్చు అన్నాను.

"నువ్వు వెళ్లవు. లెక్కలో మిగిలుంటేనే నువ్వు కారు తీస్తావు."

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. మెట్లు దిగుతున్నప్పుడు తెలిసింది, అది కోపం కాదు, భయం. పదమూడేళ్లుగా నేను పూర్తి చేద్దామని తొందరపడుతున్నది ఏమిటో అప్పటిదాకా ఆలోచించలేదు.

12వ తేదీ, మంగళవారం. సాయంత్రం 7.00

ఇల్లు చేరాం. గ్యాస్ కట్టేసే ఉంది.

దార్లో బావమరిది ఒక్కడే కొత్త పంపు చప్పుడు గురించి మాట్లాడాడు.

నిర్ణయం విఫలం. కారణాలు: ఒకటి, పంపు. రెండు, పొగమంచు లాంటివి. మూడు, నలభై గ్రాములు. నాలుగోది రాయబోయి ఆపాను.

చిన్న రాష్ట్రం కొట్టేశాను. అలాంటి తూకానికి ముద్ర వేస్తే రేపు ఆఫీసులో కాటాల ముందు నిలబడలేను. సవరణలన్నీ రద్దు. చూసినవి: ఇరవై నాలుగు. మిగిలినవి: రెండు. మాట నిలబెట్టుకోలేదు. ఇంతకన్నా ఎక్కువ రాయలేను.

13వ తేదీ, బుధవారం. సాయంత్రం 4.40

ఉదయం వైద్య పరీక్ష కాగితం వచ్చింది. బూట్లు కొన్నాం. ఇనుము ముక్కున్న బూట్లు, జత కిలోన్నర పైన ఉంటుంది. పాప అవి వేసుకుని ఇల్లంతా టకటకా తిరుగుతోంది. రేపటి నుంచి ఇంట్లో ఏ చప్పుడూ ఉండదని పదిసార్లయినా అనుకున్నాను.

భోజనాల గదిలో దేశపటం ముందు నిలబడి ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అనుకుంటున్నాను. పక్కన మా ఆవిడ పాప బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ మొదటి ఐదు రాష్ట్రాలకీ వెళ్లినప్పుడు పాపకి తొమ్మిది నెలలు. నా చంక దిగిందెప్పుడండీ?"

నలుగురి కాళ్లూ నేల మీద ఆనాలి. ఒకటో నియమం. ఆనలేదు.

కుర్చీ లాక్కుని, పాత డైరీలన్నీ బల్ల మీద పెట్టుకుని పునఃపరీక్షకి కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఫలితాలు ఇవి.

పాప కాళ్లు నేల మీద ఆననివి: ఐదు.
రైలు కిటికీలోంచి చూసినవి: రెండు.
బావమరిది తట్టు పోసి ఇంట్లో ఉండిపోగా ముగ్గురమే వెళ్లినవి: మూడు.
ఇంటి నుంచి తీసుకెళ్లిందే తిన్నవి: రెండు.

మొత్తం పన్నెండు. చెల్లవు.

ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఏ కాటానీ ఇంత సంతోషంగా తిరగ్గొట్టలేదు.

14వ తేదీ, గురువారం. మధ్యాహ్నం 12.30

రైల్వే స్టేషన్. రెండో ప్లాట్‌ఫారం. పాప పెట్టె బావమరిది మోశాడు, చక్రాలున్నా మోశాడు.

కాగితం పాప చేతిలో పెట్టాను. ఆఫీసు పద్ధతిలోనే రాశాను, రాష్ట్రం, లోపం, నిర్ణయం అని మూడు గడులు, కింద నా సంతకం. పాప పైనుంచి కిందికి చదివింది. ఏడో నంబరు దగ్గర ఆగింది.

"ఇక్కడ నేను నడిచాను నాన్నా. ఏడేళ్లు నాకు."

"భోజనం ఇంటి నుంచి పట్టుకెళ్లాం. చెల్లదు."

మా ఆవిడ, బావమరిది చెరో వైపుకి చూశారు. పాప వేళ్ల మీద లెక్కపెట్టింది. మిగిలినవి పద్నాలుగు, ఏడాదికి ఒక సెలవు, సెలవుకి రెండు.

"ఏడేళ్లు పడుతుంది."

"కారు బాగుంటే" అన్నాను.

నా మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు. ఎంతసేపో చూసుకోలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకుంది.

రైలు 10.40కి కదలాలి. 10.40కే కదిలింది. ఆలస్యంగా కదిలే రైళ్లు ఎన్నో ఉన్నాయి.

ఇంటికొచ్చేదాకా కారు మా ఆవిడ నడిపింది. నాకు రోడ్డు సరిగ్గా కనిపించలేదు.

15వ తేదీ, శుక్రవారం. ఉదయం 6.10

మొత్తం రాష్ట్రాలు: ఇరవై ఆరు. చూసినవి: పన్నెండు. మిగిలినవి: పద్నాలుగు.

ఈ పద్నాలుగూ నలుగురం కలిసి చూడాలని ఈ ఉదయం నిర్ణయం తీసుకున్నాను. గడువు రాయలేదు. నియమాలు నాలుగూ యథాతథం. రెండో నియమాన్ని ఇకపైన మరింత కఠినంగా అమలు చేస్తాను.

కొత్త ప్రణాళిక గీశాను. పాప మొదటి సెలవు ఎప్పుడో ఇంకా తెలీదు కాబట్టి తేదీ దగ్గర ఖాళీ వదిలాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. బావమరిది ఇందాక కిందికి వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దీన్ని పూర్తిగా విప్పి చూడాలి బావా, టైముంది కదా అన్నాడు. ఉంది అన్నాను.

మా ఆవిడ టీ తెచ్చి, నా భుజం మీంచి జాబితా చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని చూసినవాటిలో ఇంకొకటి కొట్టేసింది. లోపం అనే గడిలో ఏమీ రాయలేదు. నేను అడగలేదు.

మిగిలినవి: పదిహేను.